మా పాస్టర్ గారు బిషప్పు కాబోతున్నారు. అసలు సంఘాన్ని బిషప్పు పాలించాలా?

గాజువాక కుర్రాడు:

అందరికీ వందనాలు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది గాజువాక వైపు ఒక ఇండిపెండెంట్ సంఘం. చాలా ఏళ్ల కిందట ఒకరింటి మేడ మీద శుక్రవారం ప్రార్థనగా మొదలైంది. ఇప్పుడు సొంత మందిరం, ఆదివారం రెండు ఆరాధనలు, అనకాపల్లి వైపు నాలుగైదు ఊళ్లలో బ్రాంచీలు అనేంతదాకా వచ్చింది. పాస్టర్ గారి మీద నాకు ఏ కంప్లయింటూ లేదు, అది ముందే చెప్తున్నా. మా నాన్నకి స్ట్రోక్ వచ్చినప్పుడు రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్నది ఆయనే.

పోయిన నెల ఆరాధన అయ్యాక ప్రకటనల్లో, తనని బిషప్పుగా అభిషేకించబోతున్నారని చెప్పారు. వేరే రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన వచ్చి హస్తనిక్షేపణ చేస్తారట. ఇక మీదట బ్రాంచీల పాస్టర్లంతా ఈయన కింద ఉంటారు, ఎవరిని ఏ ఊరికి పంపాలన్నా ఈయన మాటే, ఇప్పుడున్న పెద్దల కమిటీ "సలహా కమిటీ" అవుతుంది. జనం చప్పట్లు కొట్టారు. కమిటీలో ఉన్న మా మావయ్య కొట్టలేదు, ఆ రోజు నుంచి ఇంట్లో ఇదే గొడవ.

మా అమ్మ వైపు వాళ్లు బొబ్బిలి దగ్గర బాప్టిస్టులు. సంఘానికి శిరస్సు క్రీస్తే అయితే మధ్యలో ఈ ఊదారంగు అంగీ ఏంటి అంటారు. మా ఆవిడ వాళ్లది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బిషప్పు లేని సంఘమంటే వాళ్ల లెక్కలో పెద్దదిక్కు లేని ఇల్లే. మధ్యలో నేను.

సూటిగా అడుగుతున్నా: బైబిల్ ప్రకారం సంఘాన్ని ఒక బిషప్పు పాలించాలా, పెద్దలు పాలించాలా, సభ్యులంతా ఓటేసి నడుపుకోవాలా? ఒక ఇండిపెండెంట్ సంఘంలో ఉన్నట్టుండి బిషప్పు పుట్టడం అసలు కుదురుతుందా? వచనాలతో చెప్పండి. తిట్లొద్దు.

సీబీఎం కాంపౌండ్:

తమ్ముడూ, తిట్టను గానీ మెత్తగా కూడా చెప్పలేను.

కొత్త నిబంధనలో ఒక ఊరి సంఘం మీద ఒకే ఒక్క బిషప్పు కూర్చున్నట్టు ఎక్కడుందో చూపించు, రేపే మీ మందిరానికి వచ్చి ఆయన ఉంగరం ముద్దు పెట్టుకుంటా. అపొస్తలుల కార్యములు 20లో పౌలు మిలేతుకు పిలిపించింది ఎఫెసు సంఘపు పెద్దల్ని, ఒకర్ని కాదు, అందర్నీ. మందను చూసుకోడానికి పరిశుద్ధాత్మ అధ్యక్షులుగా (బిషప్పు అన్న మాట ఈ మాటే) ఉంచింది మిమ్మల్నే అని ఆ పెద్దలతోనే అన్నాడు. తీతు 1లో పెద్దల్ని నియమించమని మొదలెట్టి రెండు వచనాలు దాటకుండానే ఆ మనిషినే అధ్యక్షుడు అంటాడు. ఫిలిప్పీ పత్రిక మొదటి వచనంలో అధ్యక్షులు, పరిచారకులు, అంతే, వాళ్ల పైన ఇంకో కుర్చీ లేదు. కార్యములు 6లో ఏడుగురు కావాల్సి వస్తే పన్నెండుమంది అపొస్తలులు అక్కడే ఉండి కూడా తామే పేర్లు రాసి చదవలేదు, మీలోంచి మీరే ఏర్పరచుకోండి అన్నారు. మత్తయి 18లో ఎంతకీ మాట విననివాడి సంగతి చివరికి ఎవరికి చెప్పమన్నాడు ప్రభువు? సంఘానికి.

ఆ తర్వాత 3 యోహాను చదువు, ఒక్క పేజీ ఉండదు. అందులో దియొత్రెఫే అని ఒకాయన ఉంటాడు. అందరిలో తనే ముందుండాలి, అపొస్తలుడు రాసినా వినడు, ఎదురు చెప్పినవాళ్లని సంఘంలోంచి వెలివేస్తాడు. ఒక్కడి చేతిలో అన్నీ పెడితే ఏమవుతుందో మొదటి శతాబ్దంలోనే రాసిపెట్టారు.

మా బాప్టిస్టుల దగ్గర కాపరిని పిలుచుకునేది సంఘమే, లెక్కలు వినేదీ సంఘమే. కన్వెన్షన్ ఉంది, నిజమే. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో మొదలెట్టిన పని నుంచి వచ్చింది. కానీ అది సంఘాల సహవాసం, మా నెత్తిన బిషప్పు కాదు.

జ్ఞానాపురం:

అన్నా, అదే తీతు 1ని ఇంకోసారి చదవండి. ప్రతి పట్టణంలో పెద్దల్ని నియమించమని పౌలు ఎవరికి చెప్పాడు? సంఘానికి కాదు, తీతు అనే ఒక్క మనిషికి, అదీ క్రేతు ద్వీపం మొత్తానికి. తిమోతికి రాసిందీ అంతే, పెద్ద మీద ఫిర్యాదు వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే తీసుకో అని (1 తిమోతి 5). అంటే పెద్దల మీద విచారణ చేసే మనిషి ఒకడు అప్పటికే ఉన్నాడు. ఆయన్ని ఏ పేరుతో పిలుస్తారో మీ ఇష్టం.

మేం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్కులం), మాకు బైబిల్‌తో పాటు సంఘ సంప్రదాయం కూడా లెక్కే. అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను సుమారు 110లో చంపడానికి రోముకు తీసుకుపోతున్నారు, దారి పొడుగునా సంఘాలకు ఉత్తరాలు రాస్తూ పోయాడు. బిషప్పుతో సంబంధం లేకుండా సంఘంలో ఏమీ చేయకండి అన్నది వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే మాట. అపొస్తలుల్ని కళ్లారా చూసినవాళ్లు అప్పటికి ఇంకా కొందరైనా బతికి ఉండే కాలం అది.

అయితే తమ్ముడి పాస్టర్ గారి విషయంలో నేను ఆయన పక్షం కాదు, ఇది వింటే ఆశ్చర్యపోతారేమో. బిషప్పు అనే పదవికి ముందూ వెనకా చాలా ఉంటాయి. 325లో బిషప్పులంతా కూడిన నికయ్య సభ నాలుగో నియమం ప్రకారం బిషప్పును ఆ ప్రాంతపు బిషప్పులంతా కలిసి నియమించాలి, అందరూ రాలేకపోతే కనీసం ముగ్గురు ఎదురుగా ఉండాలి, రానివాళ్లు తమ సమ్మతి రాసి పంపాలి. ఎందుకు పెట్టారంటారు ఆ నియమం? ఒకాయన బండి దిగి ఇంకొకాయన తల మీద చెయ్యిపెట్టి సాయంత్రానికి వెళ్లిపోయే వ్యవహారం కాకూడదనే. మా విశాఖనే చూడండి, 1850లో వికారియేట్ (మేత్రాసనానికి ముందు మెట్టు), 1886లో మేత్రాసనం (బిషప్పు కింద ఉండే ప్రాంతం), 2001లో అగ్రపీఠం (ఆర్చిబిషప్పు పీఠం), ఇందులో ఏ మెట్టూ ఇక్కడి గురువులు తమంతట తాము ప్రకటించుకున్నది కాదు. బిషప్పుకి 75 ఏళ్లు నిండితే రాజీనామా పత్రం పంపాల్సిందే. మేత్రాసనానికి ఆర్థిక మండలి ఉండి తీరాలి, ప్రతి విచారణకీ (అంటే పారిష్‌కీ) ఉండాలి. విచారణ గురువులకి బదిలీలు ఉంటాయి. మరి మీ పాస్టర్ గారు బిషప్పు అయ్యాక ఆయన్ని అడిగేవాళ్లెవరు? బదిలీ చేసేవాళ్లెవరు? అది లేకుండా పేరు ఒక్కటే తీసుకుంటే ఎలా?

సీబీఎం కాంపౌండ్:

చివరి పేరా వరకు నాకు అభ్యంతరం లేదు గానీ ఇగ్నేషియస్ గురించి ఒక్క మాట. ఎఫెసు, స్ముర్న, ఫిలదెల్ఫియ, ఇలా ప్రతి సంఘానికీ బిషప్పు బిషప్పు అని రాసిన అదే మనిషి, రోము సంఘానికి రాసిన ఉత్తరంలో అక్కడి బిషప్పు ఊసే ఎత్తలేదు. మీకు అన్నిటికంటే ముఖ్యమైన ఊరు అదేగా! ఇక మీ సొంత పండితుడు జెరోము, బిషప్పులు పెద్దల కంటే పైవాళ్లయ్యింది ఆచారం వల్లే గాని ప్రభువు ఏర్పాటు వల్ల కాదని తీతు పత్రిక వ్యాఖ్యానంలోనే రాశాడు. నేను బాప్టిస్టు పుస్తకంలోంచి చెప్పడం లేదు.

జ్ఞానాపురం:

జెరోము రాశాడు, రాసి బిషప్పుల కిందే బతికాడు. ఆచారం అంటే వద్దని కాదు కదా.

పాతపోస్టాఫీసు:

మీ ఇద్దరి మధ్య ఇరుక్కున్నది మా సీఎస్ఐ కాబట్టి నేనూ రాస్తా. కొంచెం పొడుగు అవుతుంది, రిటైరైనవాణ్ణి, ఖాళీ.

ముందు మన ఊరి సంగతి. 1805లో విశాఖలో దిగిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ లండన్ మిషనరీ సొసైటీ మనుషులు. ఇక్కడ కూర్చుని సువార్తల్ని తెలుగులోకి అనువదించింది వాళ్లే, వాళ్లతో కూర్చుని పనిచేసింది ఆనందరాయర్ అనే మన దేశస్థుడు, మూడు సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. సరే, దానికీ బిషప్పుకీ ఏమిటి సంబంధం అంటారా? ఆ సొసైటీ 1796లోనే ఒక మూలసూత్రం రాసుకుంది. ప్రెస్బిటేరియన్ (పెద్దల పాలన), ఇండిపెండెంట్ (ఏ సంఘానికి ఆ సంఘమే), ఎపిస్కోపల్ (బిషప్పుల పాలన), వీటిలో ఏ సంఘ పాలననూ మేం మోసుకెళ్లం, సువార్తను మాత్రమే తీసుకెళ్తాం, ఎలాంటి పాలన కావాలో అక్కడ నమ్మినవాళ్లు వాక్యాన్ని బట్టి తామే చూసుకుంటారు అని. అంటే తమ్ముడు ఈరోజు అడిగిన ప్రశ్నకి జవాబు మనకే వదిలేసి మన రేవులో దిగారు.

ఎందుకు అలా రాసుకున్నారంటే ఇంగ్లండులో ఈ గొడవ మీద రక్తం పారింది. 1604లో మొదటి జేమ్స్ రాజు బిషప్పు లేకపోతే రాజూ లేడు అన్నాడు, అదే నిజమైంది కూడా. 1640ల్లో పార్లమెంటు బిషప్పుల్నీ తీసేసింది, ఆయన కొడుకు తలా తీసేసింది. రాజరికం మళ్లీ వచ్చాక 1662లో బిషప్పుల పద్ధతికి, కొత్త ప్రార్థన పుస్తకానికి ఒప్పుకోని సుమారు 2000 మంది బోధకుల ఉద్యోగాలు పోయాయి. ఆ పగలు ఇక్కడికి తేవద్దని మంచి ఉద్దేశంతోనే రాసుకున్నారు.

కానీ నిజంగా మనవాళ్లు వాక్యం చూసి తేల్చుకున్నారా? ఎక్కడ తేల్చుకున్నారు! మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి, ఎవరి ప్రాంతంలో పుడితే వాళ్ల పద్ధతి. బొబ్బిలి కాబట్టి మీ అమ్మగారి వాళ్లు బాప్టిస్టులు, అదే గుంటూరైతే లూథరన్లు, మెదక్ అయితే మెథడిస్టులు, దోర్నకల్ అయితే బిషప్పు గారి సంఘం. ఇప్పుడు ఆ తాతముత్తాతల మిషను పద్ధతినే దేవుని పద్ధతి అని ఒకరినొకరు వచనాలతో కొట్టుకుంటున్నాం. సీబీఎం తమ్ముడూ, నువ్వు దోర్నకల్‌లో పుట్టి ఉంటే ఇదే జోరుతో ఇగ్నేషియస్‌ను వినిపించేవాడివి.

ఒక్కసారి మాత్రం మనవాళ్లు కూర్చుని ఆలోచించారు. 1919లో ట్రాంకెబార్‌లో, దాదాపు అందరూ భారతీయులే, వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు అందులో ముఖ్యులు. 1912లో ఆయన దోర్నకల్‌కి బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్లలో (ఇంగ్లండు చర్చివాళ్లలో) భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. ఆ కూర్చున్నది కూర్చున్నట్టు 28 ఏళ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న చెన్నైలో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు ఒక్కటై సీఎస్ఐ అయింది. అజరయ్య గారు అప్పటికి లేరు, 1945 జనవరి 1న పోయారు. ఒప్పందం ఏమిటంటే బిషప్పు ఉంటాడు గానీ రాజులాగా కాదు, సంఘం రాసుకున్న రాజ్యాంగానికి లోబడి. డయోసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) కౌన్సిల్లో పాస్టర్లతో పాటు మామూలు సభ్యులూ కూర్చుంటారు, వాళ్లు కొన్ని పేర్లతో ప్యానెల్ ఎన్నుకుంటే అందులోంచి సినడ్ (సీఎస్ఐ మొత్తానికి పై సభ) వైపు నుంచి ఎంపిక జరుగుతుంది. బిషప్పు పదవిని ఒప్పుకోవాలి గానీ అది ఎందుకు అవసరమో ఫలానా సిద్ధాంతమే నమ్మాలని ఎవరినీ బలవంతపెట్టరు. బిషప్పు చేతులు పడని పాత పాస్టర్లకి మళ్లీ అభిషేకం అక్కర్లేదన్నారు. దాని మీదే ఇంగ్లండులో పెద్ద రచ్చ అయింది, మన నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది ఆ రోజున చేరకుండా విడిగా ఉండిపోయారు, చేరడానికి దశాబ్దాలు పట్టింది. అయినా నాకు ఇప్పటికీ అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. ఈమధ్య మా ఎన్నికలు ఎలా జరుగుతున్నాయంటారా, పేపర్లు చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, పద్ధతి తప్పు కాదు, మనుషులు.

చివరిగా తమ్ముడి రెండో ప్రశ్న, ఉన్నట్టుండి బిషప్పు పుట్టడం. ఇది జరిగింది. మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ తను పాస్టరే, బిషప్పు కాదు, అయినా 1784లో అమెరికా పనికోసం థామస్ కోక్ తల మీద చేతులుంచి సూపరింటెండెంటుగా పంపాడు. అక్కడికి వెళ్లాక కొన్నాళ్లకి వాళ్లు బిషప్పు అన్న పేరు పెట్టేసుకున్నారు. వెస్లీకి ఒళ్లు మండి 1788లో అక్కడి నాయకుడు ఆస్‌బరీకి ఉత్తరం రాశాడు, బిషప్పని పిలిపించుకోడానికి నీకెంత ధైర్యం అని. అమెరికా మెథడిస్టులకి ఇప్పటికీ బిషప్పులున్నారు, బ్రిటన్ మెథడిస్టులకి లేరు. కాబట్టి కుదురుతుందా అంటే కుదురుతుంది. పని పెరిగి పై నుంచి చూసుకునే మనిషి కావలసి రావడం ఒకటి, ఆ పేరు కావలసి రావడం ఇంకొకటి. మీ ఆయనది ఏదో మీకే తెలియాలి.

నర్సాపురం వైపు:

మేం బ్రదరన్. 1836లో బౌడెన్, బీర్ గార్లు గోదావరి డెల్టాకి వచ్చిన దగ్గర్నుంచి మాకు బిషప్పూ లేడు, జీతం పాస్టరూ లేడు, పెద్దలు ఉంటారు, ఆదివారం రొట్టె విరుస్తాం, వాక్యం ఎవరికి ఇస్తే వాళ్లు చెప్తారు. వినడానికి సీబీఎం అన్నకి బాగుంటుంది. కానీ కాయితం మీద నలుగురు పెద్దలున్నా నోరు తెరిచేది ఒకరే, ఆ ఒకరు పోతే వాళ్లబ్బాయి. పేరు లేని బిషప్పుని దించడం పేరున్న బిషప్పుని దించడం కంటే కష్టం, ఎందుకంటే ఆయన అసలు ఏ పదవిలోనూ లేడు కదా, ఏ పదవి నుంచి దించుతావు?

మధురవాడ సిస్టర్:

అందరూ ఇగ్నేషియస్ దగ్గరే ఉన్నారు, స్థలం ఎవరి పేరు మీద ఉందో ఒక్కరూ అడగలేదు!

నేను మా సంఘానికి చాలా కాలం లెక్కలు చూశాను. తమ్ముడూ, మీ మందిరం స్థలం డాక్యుమెంటు సంఘం పేరు మీద ఉందా, పాస్టర్ గారి సొంత పేరు మీద ఉందా? సొంత పేరైతే రేపు ఆయన తర్వాత చట్టం ముందు అది ఆయన వారసుల ఆస్తే, ఆయన బిషప్పా పాస్టరా అన్నది రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరూ అడగరు. సొసైటీగా రిజిస్టర్ అయ్యారా? మన దగ్గర 2001 సొసైటీల చట్టం కింద అయితే బైలాస్ (నియమావళి) ఉంటాయి, జనరల్ బాడీ (సభ్యులందరి సభ) ఉంటుంది, కమిటీని ఎలా ఎన్నుకోవాలో దాంట్లో రాసి ఉండాలి. అలాంటిది ఉంటే ఆదివారం మైకులో ప్రకటించి కమిటీని సలహా కమిటీ చేసేయడం కుదరదు, జనరల్ బాడీ పెట్టి తీర్మానం చేసి బైలాస్ మార్చాలి. కానుకలు, దశమభాగాలు పడే బ్యాంకు అకౌంటులో సంతకాలు ఎవరివి అన్నది కూడా చూడండి. నేను చూసిన గొడవల్లో తొంభై పాళ్లు చివరికి వచ్చి ఆగేది ఆ చెక్కుబుక్కు దగ్గరే.

గాజువాక కుర్రాడు:

ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. మావయ్యకి చదివి వినిపించాను, పాతపోస్టాఫీసు సార్ రాసింది రెండుసార్లు చదివించుకున్నాడు.

నిన్న సాయంత్రం ఇద్దరం పాస్టర్ గారింటికి వెళ్లాం. ఆయన కోపం తెచ్చుకోలేదు, అమ్మగారు టీ ఇచ్చారు. ఆయన చెప్పింది ఏంటంటే, రెండేళ్ల కిందట ఒక బ్రాంచిలో పాస్టర్ మీద డబ్బు విషయంలో ఆరోపణ వచ్చింది, వెళ్లి అడిగితే మీరెవరు నన్నడగడానికి, నాదీ ఇండిపెండెంట్ సంఘమే అన్నాడట. సగం మందిని తీసుకుని పక్క వీధిలో వేరే బోర్డు పెట్టేశాడు. అలాంటివాణ్ణి ఎవరు ఆపాలి అని అడిగారు, మా దగ్గర జవాబు లేదు. ఇంకోటి కూడా చెప్పారు, అది వినడానికి కొంచెం ఇబ్బందిగా అనిపించింది: బహిరంగ సభ పర్మిషన్‌కి ఆఫీసులకి వెళ్తే ఇండిపెండెంట్ పాస్టరంటే గుమ్మం దగ్గర నిలబెడతారు, బిషప్పంటే కుర్చీ వేస్తారు అని.

సిస్టర్ గారూ, స్థలం ఆయన పేరు మీదే ఉంది. కొన్నప్పుడు సంఘం రిజిస్టర్ కాలేదట. తర్వాత సొసైటీ చేశారు గానీ స్థలం మార్చలేదు. బైలాస్ నేనెప్పుడూ చూడలేదు. మావయ్య దగ్గర పాత ఫైలు ఉందంటున్నాడు.

సీబీఎం కాంపౌండ్:

ఆ బ్రాంచి పాస్టర్ని ఆపాల్సింది ఆ బ్రాంచి సభ్యులు. వాళ్లకి ఓటు ఇచ్చి ఉంటే ఆపేవాళ్లు. మీ సంఘంలో సభ్యులకి ఎప్పుడైనా దేనిమీదైనా ఓటు ఉందా?

జ్ఞానాపురం:

సగంమంది అతనితో వెళ్లిపోయారని చెప్తుంటే ఓటు ఏం చేస్తుందన్నా? సరిగ్గా ఇలాంటివాటికే కదా పైన ఒకరు ఉండాలనేది. ఆయన అవసరం నిజమైనదే. కాకపోతే తన పైన కూడా ఎవరో ఉండటానికి ఒప్పుకోవాలి.

పాతపోస్టాఫీసు:

తమ్ముడూ, ఇప్పుడు ఆయన్ని అడగాల్సింది బిషప్పు అవ్వాలా వద్దా అని కాదు. అయ్యాక మీ మీద ఆరోపణ వస్తే విచారించేదెవరు, ఎన్నేళ్లకి దిగిపోతారు, మీ తర్వాత వచ్చేవారిని ఎవరు ఎన్నుకుంటారు అని అడుగు. జవాబు నోటితో కాదు, బైలాస్‌లో రాసివ్వమను. ఒప్పుకుంటే ఆ అంగీ ఏ రంగుదైనా నాకు బాధ లేదు. తర్వాత వచ్చేది మా అబ్బాయి అంటే మాత్రం మీ మావయ్య చప్పట్లు కొట్టకపోవడమే కరెక్టు.

మధురవాడ సిస్టర్:

ముందు స్థలం సొసైటీ పేరు మీదకి మార్చమనండి, గిఫ్ట్ డీడ్ చేయించాలి, ఖర్చు అవుతుంది, సంఘమే పెట్టుకోవచ్చు. అభిషేకం తారీఖు కంటే అది ముందు జరగాలి, తర్వాత అయితే ఎవరికీ గుర్తుండదు. మావయ్యగారి ఫైల్లో బైలాస్ దొరికితే పేర్లు కనపడకుండా ఫొటో తీసి ఇక్కడ పెట్టు, కమిటీ అధికారాల గురించి ఏం రాశారో చూసి చెప్తాను.